పాఠకుల ప్రశ్నలు: రెండు తీగలు, ఒక డ్రమ్ము

(1990లలో విజయనగరంలో నలుగురు కుర్రాళ్ళు నడిపిన పంక్ బ్యాండ్ గురించి గత సంచికలో చిన్న పరిచయం వేశాం. దానిపై పాఠకులు పంపిన ప్రశ్నలకు, ఆ బ్యాండ్‌లో గిటారు వాయించి ఇప్పుడు మోటార్ వైండింగ్ షాపు నడుపుతున్న ఆయనే జవాబులు రాశారు.)

పంక్ అన్న మాట నేను మీ పరిచయంలోనే మొదటిసారి చూశాను. అదేం సంగీతం? ఆ రోజుల్లో విజయనగరంలో ఉన్న మీ దాకా ఎలా వచ్చింది?
— డిగ్రీ విద్యార్థి, బొబ్బిలి

ఓడలో వచ్చింది బాబూ. మా పెద్దమ్మ కొడుకు మర్చంట్ నేవీలో పనిచేసేవాడు. 1995 ఎండాకాలంలో విశాఖలో ఓడ దిగి మా ఇంటికొచ్చినప్పుడు నాకు మూడు క్యాసెట్లు తెచ్చాడు. రెండు కొన్నవి. మూడోది ఎవరో రికార్డు చేసుకున్నది, అట్ట మీద నీలం పెన్నుతో రాసుంది. ఒకవైపు రామోన్స్, రెండోవైపు క్లాష్ అనే బ్యాండ్ల పాటలు. పెట్టి వింటే టేప్‌రికార్డర్ స్పీడు ఎక్కువైపోయిందనిపించింది. మూత విప్పి బెల్టు చూశాను. బెల్టు బాగానే ఉంది. పాటే అంత వేగం.

రామోన్స్ అంటే న్యూయార్క్‌లో క్వీన్స్ అనే పేట కుర్రాళ్ళు. 1974లో మొదలుపెట్టారు. 1976లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్‌లో 14 పాటలున్నాయి, అన్నీ కలిపినా అరగంట నిండదు. అప్పటికి రాక్ సంగీతం పెద్దవాళ్ళ వ్యవహారం అయిపోయింది. ఒక్కో పాట పది పదిహేను నిమిషాలు, మధ్యలో గిటారు విన్యాసాలు, ఖరీదైన సామాన్లు. వీళ్ళు అదంతా పక్కనపెట్టి మూడు నాలుగు కార్డులతో (కొన్ని స్వరాలు ఒకేసారి మోగిస్తే అది కార్డు), రెండు నిమిషాల్లో చెప్పాల్సింది చెప్పి దిగిపోయేవారు. అదే పంక్. లండన్‌లో 1975 చివర సెక్స్ పిస్టల్స్, 1976లో క్లాష్ వచ్చాయి. అక్కడ కుర్రాళ్ళకు ఉద్యోగాల్లేని రోజులవి. ఆ కోపం పాటల్లోకి వచ్చింది. మాంచెస్టర్‌లో బజ్‌కాక్స్ అనే బ్యాండువాళ్ళు తెలిసినవాళ్ళ దగ్గర 500 పౌండ్లు అప్పుచేసి, ఏ కంపెనీనీ అడగకుండా 1977 మొదట్లో తమ రికార్డు తామే వేసుకున్నారు. నన్నడిగితే పంక్‌లో అన్నిటికంటే గొప్ప సంగతి ఇదే. జుట్టు నిలబెట్టుకోవడం, చిరిగిన చొక్కాలు వేసుకోవడం దాని తర్వాతే.

ఇవన్నీ నాకు చాలా ఏళ్ళకి తెలిశాయి. సినిమా పాటలో అన్ని వయొలిన్లు ఒక్కసారి లేస్తుంటే, అది మద్రాసులో పెద్ద స్టూడియోల్లో ఎవరో చేసే పని అనిపించేది. ఈ క్యాసెట్ వింటుంటే మాత్రం వాయించేవాడి కుడిచెయ్యి ఎలా ఆడుతోందో కళ్ళ ముందు కనబడింది. ఈ పని నేనూ చెయ్యొచ్చు అనిపించింది. అప్పటికి నాకు 18 ఏళ్ళు. ఇంటర్ లెక్కల పరీక్ష తప్పి, మా మేనమామ షాపులో ఫ్యాన్లు విప్పుతున్నాను. ఇది నేను చెయ్యొచ్చు అని నాకు దేన్ని చూసినా అనిపించని రోజులు.

గిటారు, ఆంప్లిఫైయర్ ఎక్కడ దొరికాయి? మా ఊళ్ళో ఎలక్ట్రిక్ గిటారు నేను ఇప్పటికీ చూడలేదు.
— ఐటీఐ విద్యార్థి, సాలూరు

మీరు ఐటీఐ కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. నాకు దొరికింది మామూలు చెక్క గిటారు. ఎవరో కలకత్తా నుంచి తెచ్చుకుని, రెండేళ్ళు గోడకు తగిలించి అమ్మేసింది. దానికి కరెంటు నేనే పెట్టాను.

ఎలక్ట్రిక్ గిటారులో పికప్ అనేది ఉంటుంది. అదేమీ బ్రహ్మవిద్య కాదు. ఒక అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ చుట్ట. పైన ఉక్కు తీగ కదిలితే ఆ చుట్టలో కొద్దిగా కరెంటు పుడుతుంది. దాన్ని ఆంప్లిఫైయర్‌కి ఇవ్వడమే. అయస్కాంతం పాడైన స్పీకరులోంచి తీశాను. చిక్కంతా తీగతోనే. ఫ్యాన్లకు చుట్టే తీగ లావు, దానితో చుడితే శబ్దం చాలదు. పాత రిలేలు విప్పితే అందులో తల వెంట్రుకంత సన్నటి ఎనామిల్ తీగ దొరికింది. మామయ్య చేతి వైండింగ్ మెషిన్ మీద, రాత్రి షాపు కట్టేశాక చుట్టేవాడిని. కుడిచేత్తో హ్యాండిల్ తిప్పాలి. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీగ జారుతుండాలి. బిగిస్తే తెగుతుంది, వదిలేస్తే వదులుగా ఉబ్బుతుంది. కౌంటర్‌లో 4,000 దాటాక తెగింది. ఎనామిల్ గీకి, సాల్డరింగ్ పెట్టి, పైన కాస్త వార్నిష్ రాసి, మళ్ళీ తిప్పాను. 6,000 దగ్గర ఆపాను. ఆ వేళ్ళ మధ్య తీగ జారిన చల్లదనం నాకు ఇప్పటికీ గుర్తే. నాకు వైండింగ్ పని మీద ఇష్టం కలిగింది ఆ రాత్రే. మామయ్య తర్వాత షాపు నేనే చూస్తున్నాను.

ఆంప్లిఫైయర్ మైకు సెట్టు వాళ్ళది. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో 50 రూపాయలకు ఇచ్చేవారు. వాల్యూమ్ చివరికంటా తిప్పితే శబ్దం పగిలిపోయేది. మాకు కావలసింది ఆ పగులే. అయితే ఒక్క మాట, ఇది మర్చిపోవద్దు. ముందు ఎర్తింగ్ చూసుకోండి. ఎర్త్ లేని చోట గిటారు తీగల మీద చెయ్యి, మైకుకు పెదవి తగిలితే షాకు కొడుతుంది. మా పాట పాడేవాడికి కొట్టింది. రెండడుగులు వెనక్కి పడ్డాడు. వాడికేమీ కాలేదు, కానీ ఆ రోజు నుంచి టెస్టర్ నా జేబులో లేకుండా స్టేజీ ఎక్కలేదు.

ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వెంకటస్వామినాయుడు గారు నడయాడిన ఊళ్ళో ఇలాంటి సంగీతం వాయించడం తప్పుగా అనిపించలేదా? నేను వీణ నేర్చుకుంటున్నాను. తప్పుపట్టాలని కాదు, తెలుసుకోవాలని అడుగుతున్నాను.
— సంగీత విద్యార్థిని, విజయనగరం

అనిపించలేదమ్మా. ఎందుకో చెబుతాను, మీకైతే సులభంగా అర్థమవుతుంది.

మా ఇల్లు సంగీత కళాశాలకు నడిచి వెళ్ళేంత దూరంలోనే. 1919లో పెట్టిన కళాశాల అది. దాసుగారు మొదటి ప్రిన్సిపాల్. ఘంటసాల గారు, సుశీల గారు చదువుకున్న చోటు. చిన్నప్పుడు నాన్నగారు నన్ను ఒక మాస్టారి దగ్గర వయొలిన్‌లో పెట్టారు. జంట స్వరాల దాకా వచ్చి మానేశాను. గిటారు పట్టాక, పంక్‌లో అందరూ వాయించే రెండు తీగల కార్డు నేర్చుకున్నాను. దాన్ని పవర్ కార్డ్ అంటారు. ఎన్నిసార్లు వాయించినా ఇది ఎక్కడో విన్నాను, ఎక్కడో విన్నాను అనిపించేది. ఒకరోజు సాయంత్రం పక్కింట్లో తంబురా శ్రుతి చేస్తున్నారు. అప్పుడు తట్టింది. అది షడ్జమం, పంచమం. అంతే. తంబురాలో మోగేవీ ఆ రెండే, నా గిటారులో మోగుతున్నవీ ఆ రెండే.

మామూలు కార్డులో గాంధారం కూడా ఉంటుంది. అది అంతర గాంధారమా, సాధారణ గాంధారమా అన్నదాన్ని బట్టి కార్డు రంగు మారిపోతుంది. పవర్ కార్డులో గాంధారం తీసేస్తారు. ఆంప్లిఫైయర్ పగిలేంత వాల్యూమ్‌లో గాంధారం ఉంటే శబ్దమంతా బురదైపోతుంది. స, ప మాత్రం ఎంత పగిలినా నిలబడతాయి. ఆ రెండిటి కంపనాల మధ్య 2:3 లెక్క అంత గట్టిది.

పక్కింట్లో తంబురా మీటింది ఒక వీణ టీచరుగారు. పెద్దావిడ. మా గోల రోజూ వినేవారు. ఆ మర్నాడు గేటు దగ్గర నిలబడి నన్ను పిలిచారు. ఆపమంటారనుకుని టెన్షన్‌తో వెళ్ళాను. "నీ పంచమం కొంచెం దిగి ఉంది బాబూ, రోజూ చెవిలో గుచ్చుకుంటోంది. గిటారు ఇలా తీసుకురా" అన్నారు. మెట్ల మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, బిరడా అర వీసమెత్తు తిప్పారు. రెండు తీగలూ కలిసిన క్షణంలో ఆ చెక్క డబ్బా నా పొట్ట మీద వణికింది. నాకు అంతకుముందు శ్రుతి అంటే మాటగా తెలుసు. ఆవిడ ఇక లేరు. ఇప్పటికీ షాపులో మోటారు ఆన్ చేసినప్పుడు ఆ హమ్మింగ్‌కి పంచమం వెతుక్కుంటాను.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. నేర్చుకోకుండా వాయించడమే గొప్ప అని మేం కొన్నాళ్ళు అనుకున్నాం. అది తప్పు. మూడు కార్డులు చాలు అంటే మొదలుపెట్టడానికి చాలు అని అర్థం.

మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. గిటారు కొనమని ప్రాణం తీస్తున్నాడు. చదువు పాడవుతుందని భయం.
— ఒక తల్లి, రాజాం

కొనివ్వండమ్మా. నేను పరీక్ష తప్పింది క్యాసెట్ రాకముందే, గిటారు పట్టాక కాదు. చవకదే కొనండి, కానీ మెడ వంగనిది చూసి తీసుకోండి. తెలిసినవాళ్ళను తీసుకెళ్ళండి. ఇంకొకటి, చెవులు. 85 డెసిబెల్స్ దాటిన శబ్దంలో రోజూ గంటలకొద్దీ ఉంటే వినికిడి దెబ్బతింటుంది. మేం మైకు సెట్టు హారన్ పక్కన నిలబడి వాయించాం. నా ఎడమ చెవిలో సన్నటి ఈల ఇప్పటికీ ఆగదు. రాత్రిపూట ఎక్కువ వినబడుతుంది. మీవాడికి ఈ సంగతి నా మాటగా చెప్పండి.

ఇంగ్లిష్ పాటలే పాడేవారా, సొంతంగా ఏమైనా కట్టారా? మీ బ్యాండ్ పేరేమిటి?
— ప్రైవేటు ఉద్యోగి, శ్రీకాకుళం

పేరు కుదరలేదు. నలుగురం నాలుగు పేర్లు చెప్పాం. పందిట్లో మైకు పట్టుకున్నవాళ్ళు "ఇప్పుడు మన కుర్రోళ్ళ బ్యాండు" అనేవారు. అదే పేరైపోయింది.

మొదటి ఏడాది ఇంగ్లిషే. మాటలు అర్థం కాకపోయినా వినబడినట్టు పాడేవాళ్ళం. 1996 వినాయక చవితి పందిట్లో అలా రెండు పాటలు పాడాక, ముందు వరసలో కూర్చున్న ఒక మామ్మ లేచి, "ఏటిరా నాయనా, ఏటో గట్టిగా సెప్తన్నారు, ఏటో తెలీదు. కోపమా మీకు?" అని అడిగింది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. అవును మామ్మా అన్నాను. "అయితే మాకు తెలిసేలా కోప్పడండి" అని కూర్చుంది.

ఆ తర్వాత తెలుగులోనే కట్టుకున్నాం. పుస్తకాల తెలుగు పెడితే ఆ వేగానికి నిలవలేదు. 'వస్తున్నది' అంటే నాలుగు దెబ్బలు పోతాయి, 'వస్తంది' అంటే మూడింటిలో అయిపోతుంది. మీ శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు, మా విజయనగరంలో ఉండి రాసిన గురజాడ గారు జనం మాట్లాడే తెలుగు కోసం ఎందుకంత పోట్లాడారో స్కూల్లో చదివినప్పుడు నాకు ఎక్కలేదు. డ్రమ్ము పక్కన నిలబడి పాట కట్టినప్పుడు ఎక్కింది.

కుళాయి మీద ఒక పాట ఉండేది:
"కుళాయి తిప్పితే గాలొస్తది
బిందె నిండా ఈలొస్తది
నీళ్ళేవయ్యా అంటే
రేపొస్తది రేపొస్తది!"
చివరి మాట జనం కూడా అరిచేవారు. జూట్ మిల్లుకు తాళం వేస్తే ఇంట్లో ఏం జరుగుతుందో ఇంకో పాట. మా పాట పాడేవాడి నాన్నగారు మిల్లు కార్మికుడు. నెలల తరబడి గేటు ముందు కూర్చుని ఇంటికొచ్చేవారు. ఆ పాటలో రెండే లైన్లు. "రోజు కూలి రోజు కూడు, కూలి పోతే ఎవడు తోడు." అదే ఎనిమిదిసార్లు. ఆ పాట సంగతి కింది ప్రశ్నలో మళ్ళీ వస్తుంది.

బ్యాండ్ ఎందుకు ఆగిపోయింది?
— టీచరు, పార్వతీపురం

ఈ ప్రశ్నకు జవాబు రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

మాలో నిజంగా సంగీతం తెలిసినవాడు ఒక్కడే, మా డ్రమ్మరు. 1995 సిరిమానోత్సవం రోజు వాణ్ణి మొదటిసారి చూశాను. దసరా తర్వాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను తిరిగేటప్పుడు మూడు లాంతర్ల దగ్గర ఎంత జనం ఉంటారో ఈ జిల్లావాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ జనంలో ఒక బ్యాండు మేళం ఇరుక్కుపోయింది. ముందుకు పోలేక నిలబడే వాయిస్తున్నారు. నా ఈడు కుర్రాడు మెడలో సైడు డ్రమ్ము వేసుకుని కొడుతున్నాడు. ఆ దెబ్బ వేగం నాకు తెలుసు. క్యాసెట్‌లో విన్నదే. పైగా వాడు ఎక్కడా తొందరపడటం లేదు. వేగంగా కొట్టడం, తొందరపడటం వేరువేరని నాకు అప్పుడే తెలిసింది.

వాడి తాత డప్పు, నాన్న క్లారినెట్. డప్పు చర్మం వదులైతే గడ్డి మంట మీద కాచి, వేలితో కొట్టి చూసి, చాలు అని చెప్పగల చెవి వాడికి పదేళ్ళకే ఉంది. మాకు డ్రమ్ సెట్టు లేదు. వాళ్ళింట్లో పక్కన పడేసిన పెద్ద డ్రమ్మును రెండు ఇటుకల మధ్య అడ్డంగా నిలబెట్టాం. దానికి కాలితో కొట్టే పెడలు నేను చేశాను. తలుపు బందు, స్ప్రింగు, చివర గుడ్డ చుట్టిన చెక్క ఉండ. వాడు దాన్ని మూడుసార్లు విప్పించి, స్ప్రింగు మార్పించి, నాలుగోసారి "ఇప్పుడు కాలు మాట వింటంది" అన్నాడు.

మూడేళ్ళు మేం వాయించినవన్నీ వాడి మీద నిలబడినవే. గిటారు తప్పినా ఎవరికీ తెలిసేది కాదు. వాడు తప్పితే పాట లేదు.

1998 మాఘమాసంలో విశాఖలో ఒక కాలేజీ ఫంక్షన్‌కి పిలుపొచ్చింది. పెద్ద స్టేజీ, నిజమైన డ్రమ్ సెట్టు ఇస్తామన్నారు. అదే రాత్రి గజపతినగరం వైపు వాళ్ళ మేళానికి పెళ్ళి ఉంది. వాడు రానన్నాడు. ఒకడు తక్కువైతే బేరం తగ్గిస్తారు, నాన్న మాట పోతుంది అన్నాడు. రాత్రికి 150 రూపాయలు, భోజనం. నేను వాడితో ఏమన్నానో రాస్తాను. "పెళ్ళి మేళమా, మన బ్యాండా, తేల్చుకో" అన్నాను. వాడు కాసేపు నా మొహం చూశాడు. "నువ్విస్తావా నూటయాభై" అని అడగొచ్చు. అడగలేదు. సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

మేం ముగ్గురం, కంజీర కొట్టే ఇంకో కుర్రాణ్ణి పట్టుకుని విశాఖ వెళ్ళాం. మూడు పాటలు పాడాం. పట్టుకునేవాడు లేక ప్రతి పాటా లైను లైనుకీ వేగం పెరిగిపోయింది. మూడోది జూట్ మిల్లు పాట. "కూలి పోతే ఎవడు తోడు" అని మావాడు అరుస్తుంటే నా చెయ్యి ఆగిపోయింది. ఒక రాత్రి కూలి వదులుకోలేదని నేను వదిలేసొచ్చిన మనిషి అప్పుడు గజపతినగరంలో ఎవరి గుమ్మం ముందో నిలబడి కొడుతున్నాడు. ఆ పాట నిజంగా పాడాల్సినవాడు వాడే. నేను పాట పూర్తిచెయ్యకుండానే గిటారు దించేశాను.

తెల్లారి ప్యాసింజరులో దిగి షాపుకొస్తే, గడప మీద న్యూస్‌పేపర్లో చుట్టి పెడలు పెట్టి ఉంది. నూనె రాసి ఉంది. చీటీ ఏమీ లేదు. ఆ తర్వాత మేం నలుగురం ఒక్కచోట నిలబడి వాయించలేదు.

పదకొండేళ్ళు వాణ్ణి రోడ్డు మీద చూసి తప్పుకుని తిరిగాను. 2009లో మా మేనకోడలి పెళ్ళికి మేళం మాట్లాడటానికి దాసన్నపేట వెళ్తే, సెట్టు యజమానిగా వాడే ఎదురొచ్చాడు. నా తప్పు నేను చెప్పాను, ఆ రోజు ఏమన్నానో మాటకు మాట చెప్పాను. వాడు విన్నాడు. పర్లేదు అనలేదు. టీ తెప్పించాడు. టీ అయ్యాక, "ఆ పెడలు ఉందా, అమ్మేసేవా?" అని అడిగాడు. ఉందన్నాను. మర్నాడు షాపుకొచ్చి కింద కూర్చుని, కాలు పెట్టి చూశాడు. స్ప్రింగు తుప్పు పట్టింది. ఇద్దరం కలిసి మార్చాం.

ఇప్పుడు పెళ్ళి ఊరేగింపులకు చాలామంది డీజే పెట్టుకుంటున్నారు. వాడి సెట్టులో ఒకప్పుడు పద్నాలుగు మంది, ఇప్పుడు ఎనిమిది మంది. మీ ఇంట్లో శుభకార్యం ఉంటే దయచేసి మేళాన్ని పిలవండి. నా స్నేహితుడి కోసం అడుగుతున్నాననుకున్నా నాకు అభ్యంతరం లేదు.

మీ పాటలు రికార్డు చేశారా? వినే అవకాశం ఉందా?
— చీపురుపల్లి నుంచి ఒక పాఠకుడు

ఒక్క క్యాసెట్ ఉంది. 1997లో షాపు షట్టరు దించి, టేప్‌రికార్డర్‌ని వెనక గది గుమ్మంలో పెట్టి చేశాం. దగ్గర పెడితే డ్రమ్ము దెబ్బకు మిగతావి వినబడలేదు. 11 పాటలు, 24 నిమిషాలు. ఆరో పాట మధ్యలో గూడ్సు బండి వెళ్తుంది, ఆ కూత కూడా ఉంది. ప్రతి పాట ముందూ మా డ్రమ్మరు పుల్లలు తాటిస్తూ "ఒకటి, రెండు, ఒకటి రెండు మూడు నాలుగు" అని లెక్కపెడతాడు. క్యాసెట్ వాడికే ఇచ్చేశాను. వాళ్ళబ్బాయి దాన్ని ఫోన్‌లోకి ఎక్కించాడు. మేళం మాట్లాడటానికి వెళ్ళినవాళ్ళు అడిగితే వినిపిస్తాడు. ముందు బేరం మాట్లాడి, అడ్వాన్సు ఇచ్చి, అప్పుడు అడగండి.